కాలేజీ హాకీ ఒక్క ఏడాది ఆడి ప్రొఫెషనల్‌గా వెళ్లిపోతే చదువు సంగతేంటి?

నమస్తే అండీ. మేం బోస్టన్ దగ్గర ఉంటాం. మావాడికి 14 ఏళ్లు, క్రికెట్ బ్యాట్ కొనిస్తే మూలన పడేసి ఐస్ హాకీ కర్ర పట్టుకున్నాడు (తెల్లవారుజామున చలిలో రింక్‌కి తీసుకెళ్లే డ్యూటీ నాదే లెండి).

వాడికి మాక్లిన్ సెలబ్రీని అంటే పిచ్చి. ఆ కుర్రాడు బోస్టన్ యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాదే 38 మ్యాచుల్లో 32 గోల్స్ కొట్టి, ఇంకో 32 గోల్స్‌కి పాస్‌లు ఇచ్చి, 2024లో 17 ఏళ్లకే హోబీ బేకర్ అవార్డు (అమెరికా కాలేజీ హాకీలో ఏటా మేటి ఆటగాడికి ఇచ్చేది) తీసుకున్నాడు, అంత చిన్న వయసులో అది ఇంకెవరికీ రాలేదు. అదే ఏడాది శాన్ హోసే షార్క్స్ అనే ప్రొఫెషనల్ జట్టు డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కుర్ర ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మొట్టమొదట అతన్నే ఎంచుకుంది, అంతే, కాలేజీ వదిలేశాడు. 1993లో పాల్ కరియా అనే ఆటగాడు మెయిన్ రాష్ట్ర యూనివర్సిటీలో మొదటి ఏడాదే 100 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్స్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి) చేసి ఇదే అవార్డు గెలిచాడట. సరే, వీళ్లంతా కోటికొక్కరు. మావాడు ఆ లెక్కలోకి రాడని నాకూ తెలుసు, కానీ వాడికి చెప్పేదెవరు?

నా టెన్షన్ వేరే. డ్రాఫ్ట్‌లో ఎంపికైనా కాలేజీలోనే ఉండి ఆడొచ్చట, నిజంగా ఎంతమంది అలా డిగ్రీ పూర్తి చేస్తున్నారు? పైగా 2025 నుంచి కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో (16-20 ఏళ్ల కుర్రాళ్లు ఆడే పెద్ద లీగులు) ఆడినవాళ్లని కూడా కాలేజీ జట్లలోకి రానిస్తున్నారు కదా, దాంతో ఇక్కడి పిల్లలకి స్కాలర్‌షిప్ సీట్లు తగ్గుతున్నాయా? పిల్లల్ని ఈ దారిలో పంపినవాళ్లుంటే, ఖర్చు ఎంతవుతుందో కూడా కాస్త ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.