ఆంబుష్‌ను ‘మెరుపుదాడి’ అనొచ్చా?

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకుల పోరు గురించి వ్యాసం రాస్తున్నాను. ఆంబుష్ అని వచ్చిన ప్రతిచోటా ‘మెరుపుదాడి’ అని పెట్టాను. సరిపోతుందాండీ?

జవాబు: సరిపోదండీ. మెరుపుదాడి అంటే మనమే వెళ్లి మీద పడటం. ఆంబుష్‌లో కొట్టేవాడు కదలడు, వచ్చేవాడే వచ్చి చిక్కుతాడు. ‘ఆకస్మిక దాడి’ అన్నా దెబ్బ తిన్నవాడి వైపు నుంచి చెప్పినట్టే. కొట్టినవాడు ఏం చేశాడో చెప్పే మాట మనకుంది: మాటు కాయడం. మాటు అంటే చాటు, మరుగు. ‘మాటు వేయడం’ కూడా వాడుకలో ఉన్నదే గానీ, చిల్లుపడిన బిందెకు అతుకు వేయడాన్నీ అలాగే అంటాం. నాకు ‘కాయడం’ ఇష్టం. చేను కాయడం, పశువులను కాయడం, ఒకరి కోసం కాచుకుని ఉండటం... ఓపికంతా ఆ క్రియలోనే ఉంది.

1941 ఆగస్టులో లెనిన్‌గ్రాడ్‌కు నైరుతిన, వోయ్‌స్కోవిత్సీ దగ్గర జరిగింది చూడండి. సోవియట్ సీనియర్ లెఫ్టినెంట్ జినోవీ కొలొబానొవ్ తన కేవీ-1 ట్యాంకును, దాదాపు 45 టన్నుల బరువున్నదాన్ని, టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) మాత్రమే పైకి ఉండేలా గొయ్యిలోకి దింపించాడు. ముందుగా జర్మన్ మోటారు సైకిళ్లు వచ్చాయి. కాల్చలేదు, పోనిచ్చాడు. వెనకాల ట్యాంకుల వరుస వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా చిత్తడి నేల. గన్నర్ ఉసోవ్ మొదట వరుస ముందున్న ట్యాంకులను కొట్టాడు, ఆ తర్వాత చివరివాటిని. ఇక మధ్యలోవి ముందుకు పోలేవు, వెనక్కి మళ్లలేవు, పక్కకు దిగితే కూరుకుపోతాయి. ఎదురుకాల్పులను కేవీ కవచం తట్టుకుంది. ఆ ఒక్క ట్యాంకే 22 ట్యాంకులను ధ్వంసం చేసిందని సోవియట్ లెక్క.

మోటారు సైకిళ్లను కళ్లముందే వదిలేశారే, అసలు ఆంబుష్ అక్కడుంది. ‘మెరుపుదాడి’లో దానికి చోటే లేదు.

మరొకరు: ‘పొంచి ఉండటం’ కుదరదా?

జవాబు: కొంతవరకు కుదురుతుంది. కానీ ప్రమాదం కూడా పొంచి ఉంటుంది, జబ్బు కూడా పొంచి ఉంటుంది. మాటు కాయాలంటే చోటు వెతకాలి, గొయ్యి తవ్వాలి, తుపాకీ ఎటు తిప్పాలో ముందే చూసుకోవాలి. అదంతా మనుషులు పూనుకుని చేసే పని.

ఇంకొకరు: 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు గుర్రపు లాడం ఆకారంలో మోహరించి పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను లోపలికి రానిచ్చారు కదా. దాన్ని ‘ఉచ్చు’ అనాలేమో?

జవాబు: అక్కడ రెండూ ఉన్నాయండీ. చెరకు తోటల చాటున మన ట్యాంకులు మాటు కాశాయి. నీళ్లు పెట్టి తడిపిన పొలాల్లో ప్యాటన్లు దిగబడ్డాయి, ఆ పొలాలు ఉచ్చు. పూర్వపు హైదరాబాద్ కంటింజెంట్ అశ్వికదళం నుంచి వచ్చిన డెక్కన్ హార్స్ రెజిమెంట్ కూడా షెర్మన్ ట్యాంకులతో ఆ పోరులో ఉంది.

ప్రశ్న అడిగినవారికి: శీర్షికలో నామవాచకమే కావాలంటే ‘మాటుదాడి’ అని పెట్టండి. వ్యాసం లోపల మాత్రం ‘మాటు కాసి కొట్టారు’ అని క్రియగానే రాయండి. చదివేవాళ్లకు ఎవరు ఆగారో, ఎవరు వచ్చారో వెంటనే తెలుస్తుంది.