ఎత్తు 170 సెం.మీ., బరువు 82 కిలోలు: స్కీ 165 తెప్పించుకోనా, 172 తెప్పించుకోనా?

సప్తగిరి సర్కిల్, అనంతపురం

అందరికీ నమస్కారం. సొంతూరు అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. పోయిన ఫిబ్రవరిలో కాశ్మీర్‌లోని గుల్మార్గ్ పోయి పద్నాలుగు రోజులు స్కీయింగ్ (కాళ్ళకు పొడుగు పట్టీలు కట్టుకుని మంచు మీద జారడం) నేర్చుకున్నా. మంచును కళ్ళతో చూసింది కూడా అప్పుడే. వాన చుక్క కోసం మొగులు చూసే జిల్లాలో పుట్టినోడిని, మోకాలి లోతు మంచులో నిలబడిన ఆ మొదటి పొద్దు ఇంకా కళ్ళలోనే ఉంది. నాగలి ఆకారంలో కాళ్ళు పెట్టి ఆగడం, మలుపు తిప్పడం వచ్చింది. ఆఖరి మూడు రోజులు రెండు స్కీలూ పక్కపక్కన పెట్టి తిరగడం కూడా కొంచెం కుదిరింది. జనవరి ఆఖర్లో మళ్ళీ పోతున్నా.

మా పెద్దనాన్న కొడుకు డెన్వర్‌లో ఉంటాడు. డిసెంబర్‌లో పెళ్ళికి వస్తూ నాకొక జత ఆల్-మౌంటెన్ (అన్ని రకాల మంచుకూ పనికొచ్చే) స్కీలు తెస్తానన్నాడు. ఆయన చూసిన రకం 165, 172, 179 సెంటీమీటర్లలో ఉందంట, నడుము (మధ్యలో పాదం కింద సన్నగా ఉండే చోటు) వెడల్పు 94 మి.మీ. ఒకసారి విమానం ఎక్కితే మార్చుకోవడానికి లేదు.

మాకు నేర్పిన సార్ చెప్పిన కొలత ఇది: స్కీని పక్కన నిలబెడితే కొన కొత్తవాళ్ళకు గడ్డం దాకా, కొంచెం వచ్చినవాళ్ళకు ముక్కు దాకా, బాగా వచ్చినవాళ్ళకు నుదురు దాకా. ఆ లెక్కన నాకు 157 చుట్టుపక్కల చాలు, 165 అంటేనే ఎక్కువ. అన్నేమో 172 కంటే తగ్గొద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కొండారెడ్డి బురుజు, కర్నూలు, ఇప్పుడు న్యూజెర్సీ

165. రెండో మాట లేదు తమ్ముడూ.

నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దని ఇంత గట్టిగా చెప్తున్నా. నీకంటే రెండు అంగుళాలు పొడుగు నేను. రెండో ఏడాదే 180 కొన్నా, "ఎట్లాగూ నేర్చుకుంటావు కదా" అని ఎవరో అంటే. రెండు సీజన్లు పాడు చేసుకున్నా. స్కీ తిరగకపోతే మనిషి భయపడతాడు, భయపడితే వెనక్కి వాలతాడు, వెనక్కి వాలితే స్కీ ముందు భాగం మంచును పట్టదు, ఇంక అస్సలు తిరగదు. ఆ వెనక్కి వాలే అలవాటు పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. నీకిప్పుడు కావాల్సింది వేగం కాదు, రోజుకు మూడు నాలుగు వందల మలుపులు. పొట్టి స్కీ ఆ మలుపులు ఇస్తుంది.

ఇంకొకటి, 94 వెడల్పు కూడా ఎక్కువే. వెర్మాంట్‌లో మేం జారేది సగం రోజులు గాజు లాంటి గట్టి మంచు. నడుము 84 ఉంటే పాదం కిందనే అంచు ఉంటుంది, వంచగానే పట్టుకుంటుంది. వెడల్పయ్యేకొద్దీ అంచు పాదం నుంచి పక్కకు జరుగుతుంది, ఆ భారం మోకాలు మోయాలి.

పెన్నా ఇసుక, కడప, ఇప్పుడు సాల్ట్ లేక్ సిటీ

బురుజు అన్నా, మీ అనుభవం నిజమే. కానీ మీరు చెప్పేది వెర్మాంట్ మంచు గురించి, తమ్ముడు పోయేది మెత్తని మంచు పడే గుల్మార్గ్‌కు. స్కీ గురించి ఎవరు సలహా ఇచ్చినా వాళ్ళు ఏ మంచు మీద జారతారో ముందు అడగాలి. నేను ఉండే యూటాలో మంచు పొడిపొడిగా, లోతుగా పడుతుంది. నా మాట కూడా ఆ లెక్కలోనే తీసుకోండి.

అసలు ఆ గడ్డం, ముక్కు, నుదురు కొలత మీదే నాకు కోపం. స్కీకి నీ ఎత్తు తెలియదు తమ్ముడూ. దానికి తెలిసేది రెండే: దాని మీద ఎంత బరువు పడుతోంది, ఎంత వేగంతో పోతోంది. ఎత్తు కొలత ఎందుకు వచ్చిందంటే, మామూలుగా పొడుగు మనిషి బరువు కూడా ఉంటాడని. నీ విషయంలో ఆ ఊహ తప్పుతోంది. 170 ఎత్తుండి 62 కిలోలు ఉన్నవాడికీ, 170 ఎత్తుండి 82 కిలోలు ఉన్న నీకూ గడ్డం ఒకే చోట ఉంటుంది. బరువులో తేడా 32 శాతం. ఇద్దరికీ ఒకే స్కీ ఇస్తే ఒకరికి చెక్కలాగా బిగుసుకుంటుంది, ఇంకొకరికి వడలిన ఆకులాగా వంగిపోతుంది.

ఎండాకాలంలో పెన్నలో ఇసుక మీద నడిచినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. చిన్న పిల్లలు పైపైన పరిగెత్తిపోతారు, మనం మడమ దాకా దిగబడతాం. పాదం పెద్దదైనా బరువు దాన్ని మించి ఉంటుంది కాబట్టి. మెత్తని మంచులో జరిగేది అదే.

ఇక్కడ చాలామంది గమనించని ఒక లెక్క ఉంది. 165 నుంచి 172కు పోతే స్కీ విస్తీర్ణం 4 శాతమే పెరుగుతుంది. నడుము 84 నుంచి 94కు పోతే మొత్తం మీద 9, 10 శాతం పెరుగుతుంది. మంచులో దిగబడకుండా కాపాడేది పొడవు కంటే వెడల్పే. పొడవు ఇచ్చేది వేరే: వేగంలో వణుకు తగ్గడం, ముందుకూ వెనక్కూ తూలకుండా నిలబడగలగడం. కాబట్టి బురుజు అన్న 84 మాట నేను ఒప్పుకోను. 94 ఉంచుకో, పొడవు 172 తీసుకో.

గండికోట సుబేదార్, జమ్మలమడుగు

నేను సైన్యంలో పని చేసి వచ్చినోడిని. గుల్మార్గ్‌లో మన సైన్యం 1948లోనే స్కీ బడి పెట్టింది, ఇప్పుడు దాన్ని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అంటారు. నేను స్కీ తొక్కింది ఎనభైల ఆఖర్లో. అప్పుడు కొలత ఏందంటే, చెయ్యి పైకెత్తి నిలబడితే స్కీ కొన మణికట్టుకు తగలాల. అంటే రెండు మీటర్లు. నా ఎత్తు 168. అయినా 200 సెంటీమీటర్ల స్కీ మీదనే నేర్చుకున్యాం, శానామందిమి.

ఎందుకంత పొడుగు? అప్పటి స్కీ దాదాపు తిన్నగా ఉండేది, నడుము పెద్దగా లోపలికి ఉండేది కాదు. అంచు పట్టు దొరకాలంటే పొడుగే దిక్కు. 1993లో స్లొవేనియా కంపెనీ ఎలాన్ నడుము బాగా సన్నం చేసి ఎస్‌సీఎక్స్ అని తీసుకొచ్చినాక కత మారింది. స్కీని పక్కకు వంచితే చాలు, దాని ఒంపే దాన్ని తిప్పుతుంది. అప్పట్నుంచి పొడవులు తగ్గుతా వచ్చినాయి.

నాయనా, నేను చెప్పేది ఒకటే. కొలతలు కాలానికొకటి మారతాయి. మణికట్టు అన్నారు, ఇప్పుడు గడ్డం అంటున్నారు. సామాను మారితే కొలత మారుతుంది. కడపమ్మాయి చెప్పింది నాకు సబబుగా ఉంది.

సప్తగిరి సర్కిల్, అనంతపురం

సుబేదార్ సార్‌కు నమస్కారాలు. అక్కా, బరువు లెక్క అర్థమైంది. కానీ నాకు వచ్చింది తక్కువ కదా, బురుజు అన్న చెప్పిన భయం నిజంగానే ఉంది నాకు. 172 తిరగకపోతే?

ఓర్వకల్లు రాళ్ళు, కర్నూలు

నేను నాలుగేళ్ళుగా ప్రతి శీతాకాలం గుల్మార్గ్ పోతున్నా, ఒక్క స్కీ కొనలేదు. స్కీలు వద్దు, ముందు బూట్లు కొనుక్కో. అద్దె బూట్లలో మడమ లోపల పైకి లేస్తుంటే నీ కింద 165 ఉంటే ఏంది, 172 ఉంటే ఏంది? నువ్వు కాలు తిప్పితే బూటు లోపలే తిరుగుతుంది, స్కీకి ఆ కబురే అందదు.

ఇంకా చెప్పాల్సింది బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచి, పడితే వదిలేసే బిగింపు) సంగతి. రెండో ఏడాది ఒక అద్దె దుకాణంలో నా బరువు, వయసు ఏదీ అడగకుండా ముందువాడు వాడిన జతే చేతికిచ్చినారు. నాకు అప్పుడు తెలియదు. సాయంత్రం నిదానంగా పోతూ పక్కకు పడినా, స్కీ ఊడలేదు. మోకాలు తిరిగింది. ఆరు వారాలు మెట్లు ఎక్కలేకపోయినా. నిదానంగా పడినప్పుడు కూడా ఇది జరుగుతుంది, వేగంగా పడితే ఆ ఊపుకు ఊడేదేమో. అప్పట్నుంచి నేను ఎవరు ఏ స్కీ ఇచ్చినా బరువు, ఎత్తు, వయసు, బూటు సోల్ పొడవు, నేను ఎట్లా జారతానో చెప్పి బైండింగ్ నా ముందే సరిచేయించుకోకుండా కదలను. పొడవు గురించి వంద మాటలు మాట్లాడుకుంటున్నాం, ఇది ఎవరూ ఎత్తలేదు. మోకాలు పోయినాక 165 అయినా 172 అయినా అటక మీదనే.

పెన్నా ఇసుక, కడప, ఇప్పుడు సాల్ట్ లేక్ సిటీ

రాళ్ళు గారు, మీ మాటకు దండం. బూట్లు ముందు, బైండింగ్ ముందు. అందులో నాకు వాదన లేదు.

తమ్ముడూ, 172 తిరుగుతుందా అన్నావు. మీ అన్నను ఒక పని చేయమను. దుకాణంలో రెండు స్కీలనూ అడుగుభాగాలు కలిపి ఒకదానికొకటి ఆనించి, నడుము దగ్గర పిండి పట్టుకోమను. కొనల వైపు రెండూ ఎక్కడ విడిపోతున్నాయో చూడాలి. పాత తరహా స్కీలైతే దాదాపు కొస దాకా అంటుకునే ఉంటాయి. ఇప్పటి ఆల్-మౌంటెన్ స్కీల్లో ముందు వైపు చాలా ముందుగానే విడిపోతాయి, ఒక్కోసారి జానెడు కంటే ఎక్కువ. దాన్నే రాకర్ అంటారు. గట్టి మంచు మీద ఆ లేచిన భాగం నేలను తాకదు. అంటే పేరుకు 172 అయినా, చదును మంచు మీద నీకు తిరిగేటప్పుడు తగిలేది అంతకంటే చాలా పొట్టి స్కీయే. మెత్తని మంచులో మాత్రం ఆ లేచిన ముక్కు పడవ ముక్కులాగా పైకి తేలుస్తుంది. ఈ ఆలోచనను ముందుకు తెచ్చినవాళ్ళలో షేన్ మెక్‌కాంకీ ఒకరు. అలాస్కా కొండల మీద నీళ్ళలో వాడే స్కీలు కట్టుకుని దిగి చూశాడాయన. 2000 తర్వాతే ఇది మామూలు స్కీల్లోకి వచ్చింది.

అందుకే ముక్కు కొలత చెప్పిన మీ సార్‌ను తప్పుపట్టను. రాకర్ లేని స్కీకి అది బాగానే కుదురుతుంది. రాకర్ ఉన్నదానికి అదే కొలత పెడితే నీ బరువు కింద ఏమీ మిగలదు.

ఇంకొక్కటి. ఆరిఫ్ ఖాన్ తెలుసు కదా, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి పోయినాయన, గుల్మార్గ్ దగ్గరివాడే. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. స్లాలమ్ అంటే పాతిన కర్రల గేట్ల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పోటీ. ఆ స్థాయి పోటీల్లో మగవాళ్ళకు స్లాలమ్ స్కీ కనీసం 165 ఉండాలి, జెయింట్ స్లాలమ్‌కు కనీసం 193. అదే మనిషి, అదే గడ్డం! ఒకదాంట్లో గేట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఇంకొకదాంట్లో దూరంగా, వేగం ఎక్కువ. ఏం పని చేయించుకుంటామో దాన్ని బట్టే పొడవు.

కొండారెడ్డి బురుజు, కర్నూలు, ఇప్పుడు న్యూజెర్సీ

చెల్లీ, ఆ చివరి ఉదాహరణతో నువ్వు నా వాదనే గెలిపించావు. పని బట్టే పొడవు అన్నావు. తమ్ముడి పని ఇప్పుడు చిన్న చిన్న మలుపులు నేర్చుకోవడం, అంటే స్లాలమ్ మనిషి చేసే పని. 193 మనిషి పని కాదు. పైగా గుల్మార్గ్‌లో మొదటి దశ గండోలా (రోప్‌వే) దిగే కోంగ్‌డూరి నుంచి కిందికి వచ్చే దారిలో చెట్లు ఉన్నాయి. చెట్ల మధ్య పొడుగు స్కీ తిప్పడం నాకు ఇప్పటికీ కష్టమే.

వెడల్పు విషయంలో మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మెత్తని మంచుకు 94 సరైనదే, నేను వెర్మాంట్ అలవాటులో చెప్పినా. పొడవు మాత్రం 165 అనే అంటా.

గండికోట సుబేదార్, జమ్మలమడుగు

చెట్ల సంగతి కర్నూలు అబ్బాయి చెప్పింది నిజమే. కానీ ఆ చెట్లలోకి రెండో ఏడాది పోనే పోగూడదు. పైన అఫర్వట్ దాకా రెండో గండోలా పోతాది, దాదాపు 3,950 మీటర్లు. ఆడ నుంచి పక్కలకు దిగడం అంతా మంచు చరియల జాగా. 2024 ఫిబ్రవరిలో కూడా ఆ కొండ మీదనే చరియ పడి విదేశీయుడు ఒకరు చనిపోయినాడు. బీకన్ (మంచు కింద కూరుకుపోతే జాడ చెప్పే పరికరం), పార, గుచ్చి చూసే కడ్డీ లేకుండా, తెలిసిన గైడు లేకుండా అటు అడుగు పెట్టొద్దు. స్కీ వెడల్పుగా ఉంది కదా అని ధైర్యం వస్తాది, ఆ ధైర్యంతోనే భయం నాకు.

పెన్నా ఇసుక, కడప, ఇప్పుడు సాల్ట్ లేక్ సిటీ

బురుజు అన్నా, స్లాలమ్ స్కీ 165 అయినా అది ఇనుములాగా గట్టిది, కొస దాకా మంచును పట్టుకుంటుంది, నడుము 70 కూడా ఉండదు. రాకర్ ఉన్న 94 వెడల్పు 165తో దాన్ని పోల్చలేం. పొడవు ఒకటే, తక్కినవన్నీ వేరు.

అయితే మీ భయంలో ఒక నిజం ఉంది, దాన్ని నేను ముందే అడగాల్సింది. తమ్ముడూ, మీ అన్న చూసిన స్కీలో లోహపు పొరలు ఉన్నాయా? నార్డికా ఎన్‌ఫోర్సర్ లాంటి స్కీల్లో టైటానల్ అనే లోహపు పొరలు రెండు ఉంటాయి. అవి వేగంగా పోయేవాళ్ళకు బంగారం, నేర్చుకునేవాళ్ళకు బరువు. అట్లాంటిదైతే నేను కూడా 165 వైపే వస్తా. లోహం లేని మెత్తనిదైతే 172.

సప్తగిరి సర్కిల్, అనంతపురం

అన్నను అడిగినా. ఆయన చూసినదాంట్లో రెండు లోహపు పొరలు ఉన్నాయంట! ఆ సంగతి ఆయనకే తెలియదు, దుకాణంవాళ్ళను అడిగి చెప్పినాడు. అది వద్దని చెప్పేసినా. లోహం లేని ఇంకో రకం అదే దుకాణంలో ఉంది, నడుము 92, పొడవులు 164, 171. 171 అని చెప్పినా. బురుజు అన్నా, మీ మాట కాదన్నానని అనుకోవద్దు. మొదటి మూడు రోజులు అక్కడ అద్దెకు 160 తీసుకుని మలుపులు మళ్ళీ పట్టుకుంటా, తర్వాతే నావి కడతా.

రాళ్ళు అన్నా, వచ్చే నెల బెంగళూరులో బూట్లు వేసి చూస్తా, దొరక్కపోతే ఢిల్లీ నుంచి తెప్పిస్తా. బైండింగ్ మాత్రం గుల్మార్గ్‌లోనే నా బూటుతో, నా ముందే సరిచేయించుకుంటా. సోల్ పొడవు బూటు మడమ పక్కన మిల్లీమీటర్లలో రాసి ఉంటుందా?

ఓర్వకల్లు రాళ్ళు, కర్నూలు

ఉంటుంది, చిన్న అక్షరాల్లో అచ్చు ఉంటుంది. ఫోటో తీసి పెట్టుకో. బైండింగ్ బ్రేకు (స్కీ ఊడితే కిందికి జారిపోకుండా ఆపే కడ్డీలు) వెడల్పు కూడా మీ అన్నకు చెప్పు. నడుము 92 అంటే బ్రేకు 90ది తెస్తే అంచులకు రాసుకోవచ్చు, 100ది తెమ్మను.