వీలునామా రాయకుండానే నాన్న పోయారు. నాయనమ్మకి కూడా వాటా ఉంటుందా?

చిన్నకూతురు:
నమస్తే అండీ. మా నాన్న ఈ మధ్యే హఠాత్తుగా పోయారు. వీలునామా లేదు. సొంత సంపాదనతో కట్టిన ఇల్లు ఒకటి, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. అమ్మ, అన్నయ్య, నేను, నాయనమ్మ ఉన్నాం. నాకు పెళ్ళయింది. డిపాజిట్లకి నామినీ అన్నయ్యే కాబట్టి ఆ డబ్బు తనదే అంటున్నాడు. ఇల్లు కూడా తన పేరు మీదకి మార్చుకుంటానని, అమ్మనీ నన్నూ హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెట్టమంటున్నాడు.

అన్నయ్య చెడ్డవాడు కాదు. నాన్న ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అన్నీ తనే చూసుకున్నాడు. నా వాటా మీద నాకు పట్టింపు లేదు. అమ్మ పేరు మీద ఏమీ మిగలదేమోనన్నదే నా టెన్షన్. అమ్మేమో "వాడు నా కొడుకే కదా, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను" అంటోంది. నాయనమ్మనైతే ఎవరూ అడగనే లేదు.

దస్తావేజు రైటర్ (రిటైర్డ్):
అమ్మా, నీ ఆఖరి మాట నుంచే మొదలుపెడతాను. చాలామంది మరిచిపోయేది అదే. మీరు హిందువులైతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. మగమనిషి వీలునామా లేకుండా పోతే ఆయన భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి, అందరూ మొదటి తరగతి వారసులే. తలా ఒక సమాన వాటా. అంటే మీ ఇంటిలో నాయనమ్మకి నాలుగో వంతు, అమ్మకి నాలుగో వంతు, మిగతాది మీ ఇద్దరికీ చెరి సగం. ఆయన తండ్రి బతికి ఉన్నా ఈ వరసలో రారు, తల్లి మాత్రం వస్తారు. నీకు పెళ్ళయినా వాటా తగ్గదు.

అమ్మ, నువ్వు సంతకం పెట్టినంత మాత్రాన ఇల్లు పూర్తిగా మీ అన్నయ్యది కాదు. నాయనమ్మ వాటా అలాగే ఉంటుంది. రేపు ఆవిడ కూడా వీలునామా లేకుండా పోతే, ఆ వాటా ఆవిడ పిల్లలందరికీ వెళ్తుంది. మీ బాబాయిలు, మేనత్తలు ఉంటే వాళ్ళకీ, చనిపోయిన మీ నాన్న తరఫున మీ ఇద్దరికీ. అప్పుడు ఇల్లు అమ్మాలంటే అందరి సంతకాలూ కావాలి. అలా ఏళ్ళ తరబడి ఆగిపోయిన ఇళ్ళకి నేనే కాగితాలు రాశాను.

బ్యాంకు ఉద్యోగి:
నామినీ సంగతి నేను చెబుతాను. బ్యాంకు డబ్బు నామినీ చేతికిస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది, అంతే. దానితో డబ్బు ఆయన సొంతమైపోదు, వారసులందరి తరఫునా తీసుకున్నట్టే. డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. మీ అన్నయ్యని డబ్బు తీసుకోనివ్వండి, ఆపకండి. తీసుకున్నాక నలుగురికీ పంచాలని ఇప్పుడే చెప్పుకోండి. నామినీ ఉన్నారు కాబట్టి సాధారణంగా కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసత్వ ధ్రువపత్రం, అడగరు. ఇంటికైతే ఆ సర్టిఫికెట్ అసలు పనికిరాదు, అది పోయినవాళ్ళకి రావలసిన బాకీలకీ, షేర్లు, బాండ్ల లాంటి సెక్యూరిటీలకే.

చిన్నకూతురు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. నాయనమ్మని అడిగాను. "నాకెందుకే ఇల్లు, మీ అమ్మకి రాసిచ్చేస్తాను" అంది. అది కుదురుతుందా? అమ్మ మాత్రం తన వాటా అన్నయ్యకే ఇస్తానంటోంది. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఇద్దరు పిల్లల తల్లి:
చెల్లీ, మా అమ్మ విషయంలోనూ ఇదే జరిగింది, అందుకే చెబుతున్నాను. అమ్మని వద్దని బలవంతపెట్టకు, షరతు రాయించు. 2007 నాటి తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఆస్తి తీసుకున్నవాళ్ళు తమని చూసుకోవాలనే షరతు మీద అరవై దాటినవాళ్ళు రాసిచ్చి ఉంటే, తీసుకున్నవాళ్ళు చూసుకోకపోతే ట్రిబ్యునల్ ఆ పత్రాన్ని రద్దు చేయగలదు. పత్రంలో షరతు లేకపోతే దాన్ని రుజువు చేయడమే పెద్ద పని. "జీవితాంతం ఈ ఇంట్లోనే ఉంటాను" అని కూడా రాయించాలి. మా తమ్ముడు ఆ వాక్యాలు చదివి నొచ్చుకోలేదు, తనే ఇంకో వాక్యం చేర్పించాడు. మీ అన్నయ్య మంచివాడంటున్నావు, అయితే అడగడానికి భయమెందుకు?

దస్తావేజు రైటర్ (రిటైర్డ్):
ఆవిడ మాటలతో నేను ఏకీభవిస్తాను. నాయనమ్మ గారి వాటాకి రెండు దారులున్నాయి. ఇప్పుడే మీ అమ్మ పేరున విడుదల చేస్తే రిజిస్టర్ చేయించాలి. లేదంటే వీలునామా రాసి ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాలి. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, పెద్ద వయసు కాబట్టి చేయిస్తేనే మంచిది. డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేయండి.

ఇంకొక్క మాట. హక్కు మీ నాన్న పోయినప్పుడే మీ నలుగురికీ వచ్చేసింది. పత్రం ఇప్పుడే రాయాలన్న గడువేమీ లేదు, మీ అమ్మని తొందరపెట్టనివ్వకండి. మున్సిపాలిటీలో పన్ను పేరు మార్చినంత మాత్రాన ఎవరికీ కొత్తగా హక్కు రాదు, ఎవరిదీ పోదు. తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడు నాయనమ్మ పేరు కూడా తప్పకుండా రాయించు. చాలా దరఖాస్తుల్లో భార్యాపిల్లల పేర్లు రాసి ఊరుకుంటారు.