పోట్లాటలో గెలిపించేది ఒళ్లా, విద్యా?

కావలి నాన్న:
మా పాప తొమ్మిదో తరగతి, 42 కిలోలు ఉంటుంది. ఇక్కడే కరాటే క్లాసుకి పంపిస్తున్నా. నిన్న వచ్చి, "టెక్నిక్ ఉంటే 80 కిలోల మనిషినైనా పడగొట్టొచ్చంట నాన్నా, సారు చెప్పారు" అంది. నాకెందుకో మింగుడు పడలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదా మట్టి (పొదిలి):
ముందు ఒళ్లు, తర్వాతే విద్య. బరువుతో పని లేకపోతే కుస్తీలో, బాక్సింగులో బరువుల వారీగా ఎందుకు విడదీస్తారు? 2024 పారిస్ ఒలింపిక్స్ కుస్తీలో వినేశ్ ఫోగాట్‌ని ఏం చేశారు? 50 కిలోల ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగిందని పక్కన పెట్టేశారు.

నల్ల బెల్టు (ఒంగోలు):
బాబాయ్, అది రూలు. 100 గ్రాములతో ఎవరి బలమూ పెరగదు. బరువు రూలే లేని చోట ఏం జరిగిందో చూడండి. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ పెట్టారు, అంటే కరాటే, బాక్సింగ్, కుస్తీ ఏ విద్యవాడైనా దిగే పోటీ. రాయిస్ గ్రేసీ 80 కిలోలు ఉంటాడేమో, చూస్తే బ్యాంకు గుమాస్తాలా ఉంటాడు. ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. అందులో కెన్ షామ్‌రాక్ కండలు తిరిగినవాడు, ఇతనికన్నా బాగా బరువు. అంతా జియు జిట్సు మహిమ, నేలమీద పడేసి మెడో కీలో బిగించి లొంగదీసే విద్య.

పెన్నా గట్టు:
ఆ ముగ్గురిలో బాక్సర్ జిమర్సన్ ఒక్క చేతికే గ్లోవ్ తొడుక్కుని వచ్చాడు. అదేం విద్యో!

గోదా మట్టి (పొదిలి):
నేలమీద పడ్డాక ఏం చేయాలో మిగతావాళ్లకి అప్పటికి సరిగ్గా తెలియదు, అందుకే గెలిచాడు. మరుసటి ఏడాదే డాన్ సెవెర్న్ వచ్చాడు, 118 కిలోల కుస్తీవాడు. గ్రేసీ దాదాపు 16 నిమిషాలు కింద నలిగాకే కాళ్లతో మెడ బిగించగలిగాడు.

నల్ల బెల్టు (ఒంగోలు):
గెలిచాడా, లేదా?

గోదా మట్టి (పొదిలి):
గెలిచాడయ్యా. కావలి బస్టాండు వెనక సందులో ఆ పాపకి 16 నిమిషాలు ఎవడిస్తాడు? ఆ యూఎఫ్‌సీ వాళ్లే 1997లో బరువు తరగతులు పెట్టుకున్నారు. ఎందుకంటావు?

నల్ల బెల్టు (ఒంగోలు):
సరే, మీ కుస్తీ లెక్కే తీద్దాం. 1928లో పటియాలాలో గామా పహిల్వాన్ తనకన్నా బరువైన పోలండ్ మల్లుడు జిబిస్కోని నిమిషం తిరక్కుండా చిత్తు చేశాడు. దీనికేమంటారు?

గోదా మట్టి (పొదిలి):
అప్పటికి జిబిస్కోకి యాభై దగ్గరపడ్డాయి. 1910లో లండన్‌లో ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు ఏమైందో చెప్పవేం? జిబిస్కో బోర్లా పడుకుని నేలకి అంటుకుపోయాడు. గామా రెండు గంటలకు పైగా లాగినా వెల్లకిలా తిరగలేదు, డ్రా అయింది. బరువంటే అదీ.

నల్ల బెల్టు (ఒంగోలు):
గామాది కూడా అదే ఈడు! ఆయనకి మాత్రం యాభై రావా? పైగా వారం తర్వాత మళ్లీ పట్టు పెడితే మీ బరువాయన గోదాలోకి రానేలేదు.

సింగరాయకొండ ప్యాసింజర్:
కోడి రామ్మూర్తి నాయుడుని ఒక్కరూ తలవరేం?

గోదా మట్టి (పొదిలి):
గొప్పాయన. కానీ ఏనుగుని గుండెల మీద ఎక్కించుకోవడం వేరు, ఎదుటివాడు తిరిగి కొట్టే పోట్లాట వేరు.

నా సంగతి చెప్తా. నేను 60 కిలోలున్న రోజుల్లో ఒక తిరునాళ్ల కుస్తీకి పోయాను. కమిటీ వాళ్లు కాటా కూడా తేలేదు, కంటి చూపుతోనే జతలు కట్టారు. నాకు తగిలినవాడు 85 పైమాటే. వాడికి పట్లు రావు, దేవుడి తోడు. నేను కాలికి పట్టు వేశా, వాడు ఊరికే నా మీద కూలబడ్డాడు. గడ్డం నా మెడ వెనక గుచ్చి అలాగే ఉన్నాడు. నోట్లో మట్టి, ఊపిరి లేదు. పక్కటెముక ఇప్పటికీ చలికాలంలో సలుపుతుంది.

నల్ల బెల్టు (ఒంగోలు):
ఎప్పుడో ఓడిపోయిన ఒక్క పట్టు పట్టుకుని ఊరందరినీ భయపెడుతున్నారు మీరు. నా దగ్గరికొచ్చే ఆడపిల్లలు తలెత్తుకుని నడుస్తున్నారు. మీ మాట వింటే తలుపేసుకుని ఇంట్లో కూర్చుంటారు!

గోదా మట్టి (పొదిలి):
ఇంట్లో కూర్చోమని నేనన్నానా? నీ కరాటేతో నాకు పేచీ లేదు. 42 కిలోల పిల్లకి "80 కిలోలవాడిని పడగొడతావు" అని చెప్పడంతోనే పేచీ. ఆ మాట నమ్మి, పరిగెత్తాల్సిన చోట నిలబడితే పూచీ నీదా?

ఉలవపాడు మామిడి:
ఇంతసేపూ గామా వయసు మీద కొట్టుకుని ఇప్పటికి అసలు విషయానికొచ్చారు. నేను కాలేజీలో కబడ్డీ ఆడాను. మాస్టారూ, ఒకటి అడుగుతా. ఎవడైనా మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలు వైపు తిప్పి గుంజితే వదులుతుంది, నిజమే. వెనక నుంచి రెండు చేతులతో వాటేసుకుని ఎత్తితే? బరువైన మనిషితో మీ క్లాసులో అది ఎప్పుడైనా చేయించారా?

నల్ల బెల్టు (ఒంగోలు):
ముందు కటా, అంటే ఒంటరిగా వరసగా చేసే కదలికలు, తర్వాత స్పారింగ్, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన. స్పారింగ్‌లో సమాన బరువున్న పిల్లల్నే జతచేస్తాం, లేకపోతే దెబ్బలు తగులుతాయి.

పెన్నా గట్టు:
సమాన బరువు ఎందుకు సారూ, టెక్నిక్ ఉందిగా?

నల్ల బెల్టు (ఒంగోలు):
వెటకారం వద్దు. పిల్లల క్లాసు వేరు, ప్రాణం మీదికొచ్చినప్పుడు వేరు. కళ్లు, గొంతు, మోకాలు, వీటికి బరువుండదు.

ఉలవపాడు మామిడి:
గొంతు అందాలంటే చేతులు విడిపించుకోవాలి కదా. అది నేర్పండి, అరవడం నేర్పండి, వదిలించుకోగానే జనం ఉన్న వైపు ఉరకడం నేర్పండి. ఫీజు దానికి కడతాం.

కావలి నాన్న:
పాపని మాన్పించను. సోమవారం నేనే క్లాసుకి వెళ్తా. నేను 78 కిలోలు. వెనక నుంచి గట్టిగా పట్టుకుంటా, విడిపించుకోవడం నేర్పమని సారునే అడుగుతా.

గోదా మట్టి (పొదిలి):
మంచి పని. పట్టుకునేటప్పుడు పాప కదా అని వదులుగా పట్టుకోవద్దు.

నల్ల బెల్టు (ఒంగోలు):
అది సరే బాబాయ్, గామాది, జిబిస్కోది ఒకే ఈడు. దానికి జవాబు రాలేదు.