ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోతే గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందేనా?

కోటబొమ్మాళి: అందరికీ నమస్కారం. మొన్న విజయనగరం సిరిమానోత్సవానికి వెళ్లినప్పుడు ఫోన్‌తో కొంత, మా మావయ్య కెమెరాతో కొంత తీశాం. మొత్తం కలిపి 40 నిమిషాల ఫుల్ హెచ్‌డీ వీడియో చేశాను. బిట్‌రేట్ (ఒక్కో సెకను వీడియోకి వాడే డేటా) 20 ఎంబీపీఎస్. హార్డ్‌డిస్క్‌లో ఖాళీ తక్కువని నేరుగా 32 జీబీ పెన్‌డ్రైవ్‌లోకే ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసింది ఒకే వీడియో ఫైలుగా తీయడం) పెడుతున్నాను. ప్రతిసారీ 70 శాతం దాటగానే ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. పైగా ఫోన్ క్లిప్పుల్లో పోనుపోనూ మాట ముందు, పెదవులు వెనక అయిపోతున్నాయి. ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. షాపులో అడిగితే గ్రాఫిక్స్ కార్డు వేయించుకోమన్నారు. చాలా ఖర్చు. నిజంగా అవసరమా?

నాగావళి: అవసరమే తమ్ముడూ. శ్రీకాకుళంలో పెళ్లి వీడియోలు చేస్తాను కాబట్టి చెబుతున్నా. ఇప్పటి కెమెరాల్లో 4కే, 10 బిట్ రంగులు, హెచ్.265 (వీడియోను బాగా కుదించే కొత్త పద్ధతి) ఫుటేజ్ వస్తోంది. పాత ప్రాసెసర్ మీద అది నడవదు. ఎడిటింగ్‌లో క్లిప్పులు పేర్చే టైమ్‌లైన్ మీదే ఆగి ఆగి ఆడుతుంది, ఎక్స్‌పోర్ట్‌లో మెమరీ చాలక సాఫ్ట్‌వేర్ మూసుకుపోతుంది. సెట్టింగులు మార్చుకుంటూ కూర్చుంటే సీజన్‌లో డెలివరీ ఎవరిస్తారు?

గంటస్తంభం: నాగావళి గారూ, మీ పనికి కార్డు కావాలి, కాదనను. కానీ ఈ అబ్బాయి చేసింది ఫుల్ హెచ్‌డీ, 40 నిమిషాలు. మెషీన్ చాలకపోతే పని నెమ్మదిస్తుంది. మెమరీ చాలక మూసుకుపోయినా, వేడెక్కి ఆగినా ఒకసారి 30 శాతం దగ్గర, ఇంకోసారి 85 దగ్గర అవుతుంది. ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందంటే నా అనుమానం వేరే.

లెక్క చూడండి. 20 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 20 మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైట్ కాబట్టి సెకనుకు 2.5 ఎంబీ. ఆ లెక్కన 28 నిమిషాలు దాటేసరికి ఫైలు 4 జీబీకి చేరుతుంది. 40 నిమిషాల్లో 28 అంటే సరిగ్గా 70 శాతం! 32 జీబీ వరకు ఉండే పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్32 ఫార్మాట్‌లో (డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే ఒక పాత పద్ధతి) వస్తాయి. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు, డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా సరే. పెన్‌డ్రైవ్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ ఏముందో చూడు బాబూ. ఇంత చిన్న విషయం చూడకుండా కుర్రాళ్ల చేత వేలకు వేలు ఖర్చు పెట్టిస్తుంటే బాధగా ఉంటుంది.

నాగావళి: లెక్క బాగుంది. కానీ ఆ 28వ నిమిషం దగ్గర పాడైన క్లిప్పో, బరువైన ఎఫెక్టో ఉన్నా ఒకేచోట ఆగుతుంది కదా. ఫ్యాట్32 అని అప్పుడే తేల్చేయకండి.

గంటస్తంభం: సరైన ప్రశ్న. తేల్చుకోవడం కూడా తేలికే. 25వ నిమిషం నుంచి చివరి వరకు మాత్రమే ఇన్, అవుట్ గుర్తులు పెట్టి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయాలి. రెండు మూడు జీబీలే కాబట్టి పడుతుంది. అది పూర్తయితే క్లిప్పుల తప్పు లేదు. మళ్లీ ఆగితే మీరన్నదే నిజం, ఆ క్లిప్ తీసేసి చూడాలి.

బొబ్బిలి_వీణ: సౌండ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అది కార్డుతో పోయే జబ్బు కాదు. వెలుతురు తగ్గితే ఫోన్ తనంతట తాను ఫ్రేమ్‌రేట్ (సెకనుకు తీసే బొమ్మల సంఖ్య) తగ్గించేస్తుంది, మళ్లీ పెంచుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం ఒకే రేటు అనుకుని పరుస్తుంది, దాంతో బొమ్మ, మాట విడిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫోన్ క్లిప్పులు అందులో వేసి, వీడియో ట్యాబ్‌లో 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 30 ఫ్రేములు), దాని కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (మారని రేటు) ఎంచుకోండి. క్వాలిటీ ఆర్ఎఫ్ (ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది) 18 దగ్గర పెడితే కంటికి తేడా తెలీదు. అలా మార్చిన క్లిప్పులతో టైమ్‌లైన్‌లో పాతవాటిని మార్చేయాలి.

కోటబొమ్మాళి: చివరి భాగం హార్డ్‌డిస్క్‌లోని డి డ్రైవ్‌లోకి ఆగకుండా వచ్చేసిందండి! పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే చూపిస్తోంది. ఆ 4 జీబీ అడ్డు లేని ఎక్స్‌ఫ్యాట్‌ ఫార్మాట్‌లోకి మార్చేయనా? అమ్మమ్మ వాళ్ల పాత టీవీలో చూపించాలి.

గంటస్తంభం: పాత టీవీలు చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ తెలీదు. ఫార్మాట్ అలాగే ఉంచి బిట్‌రేట్ 8కి తగ్గించు. 40 నిమిషాలకు 2.4 జీబీ అవుతుంది. ఫుల్ హెచ్‌డీ, 30 ఫ్రేములకు యూట్యూబ్ సూచించేది కూడా 8 ఎంబీపీఎస్సే. పాత పద్ధతి హెచ్.264లోనే చెయ్యి, హెచ్.265 ఆ టీవీలో ఆడకపోవచ్చు.

నాగావళి: ఈ వీడియోకి కార్డు అక్కర్లేదు, ఒప్పుకున్నా. అయితే జనం గుంపులు, పసుపు కుంకుమలు, సిరిమానుతో పాటు కదిలే కెమెరా అంటే 8లో బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. 12 పెట్టు తమ్ముడూ, 3.6 జీబీ, అదీ 4 లోపే. ముందు డిస్క్‌లో పాతవి తీసేసి ఖాళీ చేసుకో, అందులోకి ఎక్స్‌పోర్ట్ అయ్యాక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. వచ్చే ఏడు 4కేలో తీస్తే మాత్రం ఈ కార్డు మాట మళ్లీ మాట్లాడుకుందాం.