డీర్‌ఫీల్డ్‌లో మామయ్యగారికి ఏ స్మారక రాళ్లు చూపించాలి?

హ్యాడ్లీ_కోడలు (ప్రశ్న):
వచ్చే నెల అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వస్తున్నారు. మామయ్యగారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. ఎక్కడ రాతి పలక కనిపించినా బండి ఆపించి, చివరి అక్షరం దాకా చదివితే గానీ కదలరు. మేం మసాచుసెట్స్‌లో ఆమ్‌హెర్స్ట్ పక్కనే ఉంటాం. డీర్‌ఫీల్డ్ అంటే మాకు తెలిసింది కొవ్వొత్తుల షాపు, షుగర్‌లోఫ్ కొండ, అంతే. మొన్న సౌత్ డీర్‌ఫీల్డ్‌లో బ్లడీ బ్రూక్ స్తంభం చూశాం. దగ్గర్లోనే నేలమీద ఒక పలక ఉంది. 1675లో ఇండియన్ల (అంటే మన ఇండియావాళ్లు కాదు, అక్కడి మూలవాసుల) చేతిలో చనిపోయిన కెప్టెన్ లాథ్రాప్, అతని మనుషుల సమాధి అని రాశారు. ఆ ఇండియన్లు ఎవరు, ఎందుకు చంపారు అని మామయ్యగారు అడగడం ఖాయం. ఏం చెప్పాలి? ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. ఒక్క రోజులో ఏవి చూపించమంటారు?

లోయలో_పాతకాపు:
ఆయన అడగబోయేదానికి జవాబు ఆ పలక మీద లేదండీ, మీరే చెప్పాలి. ఆ నేల పోకమ్‌టక్ మూలవాసులది. క్రైస్తవం పుచ్చుకున్న మూలవాసుల కోసం నేటిక్ దగ్గర డెడ్‌హామ్ ఊరివాళ్ల భూమి తీసుకున్నారు. దానికి పరిహారంగా ఇక్కడ 8,000 ఎకరాలు రాసిచ్చారు. ఒక తెగకు చోటిచ్చి, ఆ బాకీ ఇంకో తెగ నేలతో తీర్చారన్నమాట. డీర్‌ఫీల్డ్ పుట్టింది అలా. 1675లో మెటకామ్ యుద్ధం వచ్చింది, అంటే ఆ పేరున్న మూలవాసి నాయకుడు ఇంగ్లీషు వలసవాళ్ల మీద చేసిన యుద్ధం. సెప్టెంబర్ 18న లాథ్రాప్ మనుషులు ఊరి ధాన్యం బళ్లకెత్తి తీసుకెళ్తుంటే ఆ వాగు దగ్గర నిప్మక్, పోకమ్‌టక్ యోధులు మాటువేసి కొట్టారు. స్తంభం 1838 నాటిది. అది కట్టించింది చనిపోయినవాళ్ల తరఫువాళ్లు.

ఒక్కచోటే కుదిరేటట్టయితే మెమోరియల్ హాల్ మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడ ఒక పాత ఓక్ తలుపు ఉంది. ఒళ్లంతా వరసగా మేకులు దిగ్గొట్టి ఉంటాయి, మధ్యలో గొడ్డలితో నరికిన కంత. 1704 ఫిబ్రవరి 29న తెల్లారకముందే ఫ్రెంచివాళ్లు, అబెనాకి, మోహాక్, హ్యూరాన్ యోధులు కలిసి ఊరిమీద పడ్డారు. ఆ కంత అప్పటిదే. 112 మందిని బందీలుగా పట్టుకుని, మంచులో 300 మైళ్లు కెనడా దాకా నడిపించారు.

అదే మ్యూజియంలో ఆ దాడి బాధితుల పేర్లు చెక్కిన చలువరాతి పలకలున్నాయి. మేరీ ఫీల్డ్ అనే ఆవిడ పలక తప్పకుండా చూపించండి. ఆమె ఒక ఆటవికుణ్ణి పెళ్లాడి తానూ అలాగే అయిపోయిందని 19వ శతాబ్దంలో చెక్కారు. ఈమధ్య కాలంలో మ్యూజియంవాళ్లు దాన్ని చెరిపెయ్యకుండా, మీద కొత్త రాత కప్పారు. అందులో ఆమె మోహాక్ మనిషిని పెళ్లాడి వాళ్ల భాష, ఆచారాలు తనవి చేసుకుందని ఉంటుంది. ఎంతో మంచి పని చేశారని నా అభిప్రాయం. పాతది పగలగొట్టి ఉంటే, అప్పటివాళ్లు ఎలా ఆలోచించారో మనకు తెలిసేదే కాదు.

తర్వాత గ్రీన్‌ఫీల్డ్‌లో గ్రీన్ నది పక్కన, కప్పు వంతెన దగ్గర ఒక రాయి ఉంది. 1884లో పెట్టారు. ఆ బందీల్లో ఒకరైన, పాస్టర్ జాన్ విలియమ్స్ భార్య యూనిస్ పురిటి నీరసంతో నడవలేక అక్కడే గొడ్డలి వేటుకు బలైంది. రాయి మీద చంపినవాణ్ణి రక్తపిపాసి అని రాశారు. తల్లి పేరే పెట్టుకున్న ఏడేళ్ల కూతురు కూడా ఆ బందీల్లో ఉంది. ఆ పిల్ల మోహాక్‌ల మధ్యే పెరిగింది, వాళ్లబ్బాయినే పెళ్లాడింది. తండ్రి ఎంత బతిమాలినా తిరిగి రాలేదు. కెనడాలో కానవాకే అనే మోహాక్‌ల ఊళ్లోనే 1785 దాకా బతికింది. రాయి ముందు నిలబడి ఈ సంగతి మామయ్యగారికి చెప్పండి, రాసినవాళ్లు అక్కడ రాయలేదు.

స్ప్రింగ్‌ఫీల్డ్_అక్క:
డీర్‌ఫీల్డ్ పెద్ద వీధిలో కాలిబాట పక్కన చిన్న ఇత్తడి పలకలు కూడా చూపించమ్మా. ఆ ఇళ్లల్లో బానిసలుగా బతికినవాళ్ల పేర్ల మీద ఈమధ్యే పెట్టారు. 1746లో ఇక్కడ మూలవాసులు చేసిన దాడి గురించి పాట కట్టిన లూసీ టెర్రీ కూడా ఎబెనీజర్ వెల్స్ ఇంట్లో బానిసగానే ఉండేది. ఆ పాట నోటి మీదే నడిచి, 1850ల్లో గానీ అచ్చుకాలేదు. పలకలు నేలకు తాకి ఉంటాయి, పెద్దాయన్ని వంగనివ్వకు, ఫోన్లో ఫొటో తీసి చదివించు.

కనెక్టికట్_నది:
టర్నర్స్ ఫాల్స్ వదిలెయ్యకండి. 1676 మే 19న తెల్లారుజామున ఇంగ్లీషు కెప్టెన్ టర్నర్ మనుషులు, మూలవాసులు చేపలు పట్టుకునే శిబిరం మీద పడ్డారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. నది అవతల గిల్ ఊళ్లో పాత రాయి మీద మాత్రం 145 మందితో 300 మందికి పైగా ఇండియన్లను నాశనం చేశాడని గొప్పగా చెక్కారు. చంపినవాడి పేరే ఊరికీ పెట్టారు. నాకది చదివినప్పుడల్లా కడుపు రగులుతుంది. 2004లో టర్నర్స్ ఫాల్స్ ఉన్న మాంటెగ్యూ ఊరివాళ్లు నారగాన్‌సెట్ తెగతో కలిసి రాజీ ఒప్పందం మీద సంతకాలు చేశారు.

హ్యాడ్లీ_కోడలు:
అందరికీ థాంక్స్ అండీ. పొద్దున మెమోరియల్ హాల్, మధ్యాహ్నం గ్రీన్ నది రాయి అనుకుంటున్నాం. గిల్, టర్నర్స్ ఫాల్స్ ఇంకో రోజు పెట్టుకుంటాం, అవి హడావిడిగా చూసేవి కావు. మామయ్యగారికి ఫోన్లో చెబితే, మెటకామ్ ఎవరో ముందే చదువుకుని వస్తానన్నారు. పాతకాపు గారూ, మెమోరియల్ హాల్‌లో లిఫ్ట్ ఉందా, అన్నీ మెట్లేనా?