స్కూబా డైవింగ్: జానీస్ గార్జ్‌లో కరెంట్ (నీటి ప్రవాహం) ఎలా ఉంటుందో ముందే తెలుసుకోగలమా?

కూకట్‌పల్లి_చేప:
అందరికీ నమస్కారం. 2026 జనవరి 18 నుంచి 22 దాకా మా ఆయనా నేనూ డైవింగ్‌కి అండమాన్‌లోని హేవ్‌లాక్ వెళ్తున్నాం (స్వరాజ్ ద్వీప్ అనాలి, నోరు తిరగడం లేదు). నాకు డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉంది, ఆయనకి మొదటి మెట్టు ఓపెన్ వాటరే. పోయినసారి నీమో రీఫ్, లైట్‌హౌస్ చేశాం, స్విమ్మింగ్ పూల్‌లా ఉంది. ఈసారి జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ చూడాలని ఆశ. డైవ్ షాపుకి ఫోన్ చేస్తే "కరెంట్‌ని బట్టి మేడమ్, ఆ రోజు పొద్దున చెప్తాం" అంటున్నారు. అంతంత డబ్బు కట్టి పొద్దున దాకా ఆగాలా? ముందే తెలుసుకునే దారి ఏదైనా ఉందా? రీఫ్ హుక్ (కరెంట్‌లో కొట్టుకుపోకుండా రాతికి తగిలించుకునే కొక్కెం) కొనాలా? కొంచెం టెన్షన్‌గానే ఉంది.

బీచ్‌రోడ్_వైజాగ్:
టెన్షన్ అక్కర్లేదండీ, నేను రెండూ చేశాను. మంచి పొడుగు ఫిన్స్ కొనుక్కోండి. గట్టిగా కిక్ కొడితే ఎంత కరెంటైనా ఎదురీదొచ్చు. హుక్ కూడా ఒకటి పడేసుకోండి, వెయ్యి రెండు వేలు పెద్ద లెక్క కాదు.

జంగ్లీఘాట్_కుర్రాడు:
వైజాగ్ అన్నకి దండం. అక్కా, ఆ సలహా మాత్రం పాటించకండి.

మాది పోర్ట్ బ్లెయిర్, జంగ్లీఘాట్. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. నాన్న ఇప్పటికీ డుంగీ (చిన్న పడవ) మీద చేపల వేటకెళ్తాడు, నేను డైవ్‌మాస్టర్‌ని. పొద్దున లేవగానే ఇద్దరం ముందు చూసేది తిథి. మీరేమో సరిగ్గా చొల్లంగి అమావాస్య నాడు దిగుతున్నారు! అమావాస్య, పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకి పోటు బాగా ఎక్కువ. అప్పుడు మా దగ్గర నీటిమట్టంలో తేడా సుమారు రెండు మీటర్లు ఉంటుంది. ఆ నీరంతా ఆరు గంటల్లో వచ్చి, ఇంకో ఆరు గంటల్లో పోవాలి. అష్టమి దాటాక ఆ తేడా బాగా తగ్గిపోతుంది. వీలైతే ట్రిప్ ఓ వారం ఆలస్యంగా పెట్టుకోండి. 25న రథసప్తమి. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు మీలాంటి వాళ్ళకి మంచివి.

అలాగని క్యాలెండర్ చూసి ధీమాగా ఉండకండి. జానీస్ అంటే ఒడ్డుకి దూరంగా, ముప్పై మీటర్ల లోతున ఇసుకలోంచి లేచిన రాళ్ళు. వచ్చే నీటికి అక్కడ అదొక్కటే అడ్డం. రాళ్ళ పక్కనుంచీ పైనుంచీ ఒత్తుకుంటూ పోవాలి కాబట్టి అక్కడే వడి పెరుగుతుంది. పైన నీరు ఒక దిక్కుకి, కింద ఇంకో దిక్కుకి పోయే రోజులూ ఉంటాయి. టైడ్ టేబుల్ (ఆటుపోట్ల పట్టిక) వేసేది పోర్ట్ బ్లెయిర్ రేవుకి, జానీస్‌కి కాదు. అందుకే "పొద్దున చెప్తాం" అన్న షాపుని నేను నమ్ముతాను. ఫోన్లోనే గ్యారంటీ ఇచ్చేవాళ్ళతోనే భయం.

స్పాట్‌కి చేరాక మీరే చూసుకోవచ్చు. మూరింగ్ బోయా (బోటు కట్టేసే తాడుకి పైన తేలే బుడ్డి) నిలువుగా తేలుతోందంటే ఫర్వాలేదు. ఒరిగిపోయి, వెనక నురగ చార కడుతోందంటే ఆలోచించాలి. బోయానే నీళ్ళలోకి మునిగి ఉంటే మేం ఇంజన్ ఆపకుండా వేరే చోటికి తిప్పేస్తాం. దిగేటప్పుడు తాడు వదలొద్దు. కిందికెళ్ళాక చేపల్ని చూడండి. స్నాపర్లు, ఫ్యూజిలియర్లు అన్నీ ఒకే వైపు మూతి పెట్టి నిలబడ్డాయంటే నీరు అటు నుంచి వస్తోంది. ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడే అటు వెళ్ళాలి, వెనక్కి నీరే తెస్తుంది. రాయి చాటున, నేలకి దగ్గరగా వడి తక్కువ.

ఇక కిక్కు సంగతి. నీటి వేగం రెట్టింపైతే మనల్ని నెట్టే బలం నాలుగింతలు అవుతుంది. ఒక నాట్ అంటే సెకనుకి అర మీటరే, వినడానికి ఏమీ లేదు. కానీ సామానంతా కట్టుకున్న మనిషి దానికి ఎదురు ఎక్కువసేపు నిలవలేడు. ఇరవై మీటర్ల దగ్గర ప్రతి శ్వాసకీ పైన అయ్యే గాలికి మూడింతలు ఖర్చు, దానికి తోడు ఆయాసం. గేజిలో ముల్లు మీ కళ్ళముందే పడిపోతుంది. ఎదురీదకండి, అడ్డంగా ఈదండి. కుదరకపోతే బడ్డీని (జత డైవర్‌ని) పట్టుకుని నీటితోపాటే పొండి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి పైకి రండి, బోటే మీ దగ్గరికొస్తుంది.

కిందికి లాగే కరెంట్ అరుదు, కానీ తెలిసుండాలి. మీ బుడగలు పైకి పోవాల్సింది పోయి కిందికి పోతుంటాయి. రాతిని వదిలేసి, బయట నీలం నీళ్ళ వైపు అడ్డంగా ఈదుతూ బీసీడీలో (ఒంటికి వేసుకునే గాలి జాకెట్‌లో) కొంచెం గాలి నింపండి. లాగుడు వదిలిన మరుక్షణం ఆ గాలే మిమ్మల్ని పైకి విసిరేస్తుంది, కాబట్టి గాలి వదిలే బటన్ మీద నుంచి చెయ్యి తీయొద్దు.

హుక్ వద్దు. అలవాటు లేనివాళ్ళు బతికున్న పగడానికే తగిలిస్తారు. ఆ డబ్బుతో ఎస్ఎంబీ కొనండి, అంటే గాలి నింపి నీటిపైన నిలబెడితే బోటుకి మీరెక్కడున్నారో చూపించే నారింజ రంగు గొట్టం. గైడ్ దగ్గర ఒకటి ఉంటుంది, కానీ గైడ్ నుంచి విడిపోయినప్పుడే కదా మీకు అది కావాల్సింది! చిన్న అల ఉన్నా చాలు, బోటు మీద నుంచి మనిషి తల కనపడదు.

కూకట్‌పల్లి_చేప:
తమ్ముడూ, చాలా థాంక్స్. టికెట్లు 24 నుంచి 29కి మార్చేశాం. మా అత్తగారికి చొల్లంగి అమావాస్య అని చెప్పగానే ఆవిడే "మార్చండి" అన్నారు, కారణం వేరనుకోండి. ఇంకో డౌట్. మా ఆయన్ని కూడా జానీస్‌కి తీసుకెళ్తాం, పద్దెనిమిది మీటర్ల దగ్గర ఆపుతాం అని వేరే షాపు వాళ్ళు అన్నారు. సరేననమంటారా?

జంగ్లీఘాట్_కుర్రాడు:
వద్దక్కా. జానీస్‌లో చూడాల్సిందంతా అంతకంటే కిందే ఉంది. పద్దెనిమిది దగ్గర ఆపితే బావ నడినీళ్ళలో వేలాడాలి, చాటుకి రాయి కూడా ఉండదు. మీరు కింద, ఆయన పైన, ఇక బడ్డీలెలా అవుతారు? మొదటి రెండు మూడు రోజుల్లో ఆయనతో అక్కడే అడ్వాన్స్‌డ్ చేయించండి. ఐదు డైవులు, ముప్పై మీటర్ల దాకా పర్మిషన్ వస్తుంది.

సెంబవాంగ్_శ్రీను:
సింగపూర్ నుంచి. అదే అండమాన్ సముద్రానికి అవతలి వైపు, థాయిలాండ్‌లో సిమిలన్, రిచెలూ రాక్ చేశాను. అక్కడ తిథితో సంబంధం పెద్దగా తెలియకుండానే హఠాత్తుగా నీరు ఆకుపచ్చగా మారి, ఒళ్ళు జివ్వుమనేంత చల్లబడి, వెంటనే కరెంట్ మొదలవుతుంది. కింది చన్నీటికీ పైన వెచ్చని నీటికీ మధ్య పుట్టే అంతర తరంగాలు కారణం. పైకి అల కనపడదు, లోపల మాత్రం పదుల మీటర్ల ఎత్తు. ఆస్‌బోర్న్, బర్చ్ అనే ఇద్దరు 1980లోనే ఈ సముద్రం మీద సైన్స్ పత్రికలో రాశారు. ఇవీ ఆటుపోట్ల వల్ల పుట్టేవే, కానీ ఎక్కడో పుట్టి ఎక్కడికో వచ్చి తగులుతాయి.

జంగ్లీఘాట్_కుర్రాడు:
శ్రీను అన్న చెప్పినట్టు, నీరు ఉన్నట్టుండి చల్లబడితే ఫోటోలు ఆపి గైడ్ పక్కకి చేరండి.

అక్కా, 29న పొద్దున ఫ్లైట్ అయితే 28న డైవ్ పెట్టుకోకండి. ఆఖరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, నేనైతే 24 అంటాను. ఫెర్రీ లేటయితే ఆ కంగారు వేరే. 28న ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెల్ చేసుకోండి.